వర్షాధార గోధుమ సాగులో నేల యాజమాన్యం

కాలువ, బావి, చెరువు నీటి ఆసరా లేకుండా వాన నీటితోను, ఆ వాన నేలలో మిగిల్చిన తేమతోను పండే గోధుమను వర్షాధార గోధుమ అంటారు. భారతదేశంలో ఇది యాసంగి పైరు. అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తి, మార్చి, ఏప్రిల్ నెలల్లో కోస్తారు. అంటే నైరుతి రుతుపవనాలు వెనుదిరిగాకే విత్తనం నేలలో పడుతుంది. ఆ తర్వాత కురిసే వాన చాలా ప్రాంతాల్లో స్వల్పం. అందువల్ల వానాకాలంలో పడిన నీటిలో ఎంత నేలలోకి ఇంకింది, ఇంకినదానిలో విత్తే నాటికి ఎంత మిగిలింది, ఆ మిగిలింది గింజ పాలుపోసుకునే దాకా సరిపోయిందా అన్న వాటి మీద దిగుబడి ఆధారపడుతుంది. ఈ సాగులో నేల యాజమాన్యానికి చెందిన పనుల్లో ఎక్కువ భాగం విత్తే ముందే ముగుస్తుంది. విత్తాక చేయగలిగింది ఉన్న తేమను పొదుపుగా వాడించడమే.

భారతదేశంలో గోధుమ విస్తీర్ణంలో 90 శాతానికి పైగా నేడు నీటి వసతి కింద ఉంది. వర్షాధార సాగు ప్రధానంగా మధ్యప్రదేశ్‌లోని మాల్వా పీఠభూమి, నర్మదా లోయ, బుందేల్‌ఖండ్, మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటకల నల్లరేగడి ప్రాంతాలు, జమ్మూ నుంచి ఉత్తరాఖండ్ దాకా ఉన్న హిమాలయ పాదకొండల్లో మిగిలింది. ప్రపంచం మొత్తం మీద చూస్తే మాత్రం గోధుమ ఇప్పటికీ ముఖ్యంగా వానపంటే. ఆస్ట్రేలియా, కెనడా, కజకిస్థాన్, అమెరికాలోని మహా మైదానాలు, టర్కీలోని అనతోలియా పీఠభూమి ఇందుకు పేరుపడిన ప్రాంతాలు.

నీటి లెక్క

గోధుమ పైరు విత్తిన నాటి నుంచి కోత దాకా సుమారు 300 నుంచి 450 మి.మీ. నీటిని వాడుకోగలదు. వర్షాధార పైరుకు అంత నీరు అరుదుగా దక్కుతుంది. లోతైన నల్లరేగడి ఒక మీటరు లోతులో 150 నుంచి 250 మి.మీ. దాకా మొక్కకు అందే నీటిని పట్టి ఉంచగలదు. ఇసుక గరప నేలలో ఇది అంతకంటే తక్కువ. మాల్వాలో ఏటా సగటున 900 నుంచి 1,000 మి.మీ. వాన పడినా, అందులో యాసంగి పైరుకు చేరేది నేల పట్టి ఉంచగలిగినంత మేరకే. మిగతాది వాగుల్లోకి పారిపోతుంది, ఆవిరైపోతుంది, లేదా వేళ్లకు అందనంత లోతుకు దిగిపోతుంది.

నీటికి, దిగుబడికి ఉన్న సంబంధాన్ని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఫ్రెంచ్, షుల్జ్ 1984లో ఒక సులువైన లెక్కగా చెప్పారు. పైరు కాలంలో ఖర్చయిన మొత్తం నీటిలో నేల పైనుంచి ఆవిరయ్యే వాటాగా సుమారు 110 మి.మీ. తీసివేస్తే, మిగిలిన ప్రతి మిల్లీమీటరుకు హెక్టారుకు 20 కిలోల గింజ వరకు రావచ్చు. ఈ లెక్కన మొత్తం 260 మి.మీ. నీరు దొరికిన పైరు గరిష్ఠంగా హెక్టారుకు 3,000 కిలోలు ఇస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియా శీతాకాలపు వానలను బట్టి వేసిన లెక్క కాబట్టి దీన్ని ఇతర దేశాలకు యథాతథంగా అన్వయించలేరు. అయినా వృథాగా ఆవిరయ్యే నీటిని తగ్గిస్తే గింజ ఎందుకు పెరుగుతుందో ఇది స్పష్టం చేస్తుంది.

నీరు ఎంత ఉందన్నదానితో పాటు అది ఏ లోతులో, ఏ దశలో అందుతుందన్నదీ ముఖ్యమే. గోధుమ వేరు అనువైన నేలలో రోజుకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కిందికి దిగుతూ, పూత నాటికి మీటరు దాటుతుంది. అడుగు పొరలోని తేమ పూత తర్వాత, గింజ నిండే దశలో పైరుకు అందుతుంది. ఆ దశలో వాడిన నీరంతా దాదాపుగా గింజకే పనికొస్తుంది కాబట్టి దాని విలువ మామూలు కంటే ఎక్కువ. పై 10–15 సెం.మీ. పొరలోని తేమ మొలకకు, విత్తిన 20–25 రోజులకు దుబ్బు మొదట్లో పుట్టే కిరీటపు వేళ్లకు అవసరం. ఆ సమయానికి పై పొర ఎండిపోతే కిరీటపు వేళ్లు నిలదొక్కుకోవు, పిలకలు తగ్గిపోతాయి, కింద తేమ ఉన్నా పైరు పలచబడుతుంది. నేల యాజమాన్యం ఈ రెండు పొరలనూ దృష్టిలో పెట్టుకోవాలి.

నేలల రకాలు

నల్లరేగడి నేలల్లో బంకమట్టి 40 నుంచి 60 శాతం, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఈ బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. తొలకరి నీరు నెర్రెల గుండా వేగంగా లోపలికి దిగుతుంది. నెర్రెలు మూసుకున్నాక ఇంకే వేగం గంటకు ఒక మిల్లీమీటరు కంటే కూడా తక్కువకు పడిపోతుంది. అక్కడి నుంచి గట్టి వాన పడితే నీరు నిలవడమో, మట్టిని కోసుకుంటూ పారడమో జరుగుతుంది. ఈ నేలకు దున్నే అదను కూడా చాలా తక్కువ. పదును మించి తడిగా ఉంటే నాగలికి అంటుకుంటుంది, ఆరితే రాయిలా గట్టిపడి పెళ్లలు లేస్తుంది. వానాకాలంలో ఈ నేలలను ఖాళీగా వదిలి యాసంగిలో మాత్రమే పైరు వేసే ఆనవాయితీకి ముఖ్య కారణం ఇదే.

ఉత్తర మైదానాల ఒండ్రు నేలలు గరప స్వభావంవి. ఇవి సులువుగా దున్నుడుపడతాయి. నీరు బాగా ఇంకుతుంది, కానీ పై పొర త్వరగా ఆరుతుంది. వాన దెబ్బకు పైన గట్టి పెచ్చు కట్టే గుణం కూడా వీటికి ఉంది. శివాలిక్ పాదకొండల కింద పంజాబ్, హిమాచల్, జమ్మూలలో కండి అని పిలిచే మెట్ట ప్రాంతంలో నేల ఏటవాలు, రాళ్లు కలిసిన గరప. మట్టి కోత అక్కడ ప్రధాన సమస్య. పడమటి కల్లోలాల వల్ల డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పడే చలికాలపు వాన అక్కడి గోధుమకు ఆదరువు. దక్కన్‌లో లోతు తక్కువైన నల్లనేలలు, ఎర్రనేలలు గోధుమకు సరిపడా తేమను పట్టలేవు. వాటిలో వర్షాధార గోధుమ గిట్టుబాటు కాదు.

వానను నేలలో నిలిపే పద్ధతులు

నర్మదా లోయలోని జబల్‌పుర్, నర్సింగ్‌పుర్ ప్రాంతాల్లో తరతరాలుగా ఉన్న హవేలీ పద్ధతి ఈ కోవలో ప్రసిద్ధమైనది. లోతైన నల్లరేగడి పొలాల చుట్టూ దాదాపు మీటరు ఎత్తు గట్లు వేసి, వానాకాలమంతా నీటిని అందులోనే నిలుపుతారు. అక్టోబరు మొదట్లో గట్టుకు గండి కొట్టి నీటిని కింది పొలంలోకి వదులుతారు. నేల పదునుకు రాగానే పెద్దగా దున్నకుండానే గోధుమ, శనగ, మసూర్ వంటివి విత్తుతారు. నెలల తరబడి నిలిచిన నీరు నేలను లోతు దాకా నానబెడుతుంది, కలుపును ముంచి చంపుతుంది, పారుడు నీటితో వచ్చిన ఒండ్రు పొలంలోనే దిగుతుంది. వానాకాలపు పంట వదులుకోవలసి రావడం, నీరు నిలిచిన నేలలో నత్రజని కొంత వాయువుగా పోవడం దీనిలోని లోపాలు. సోయాచిక్కుడు, వరి విస్తరించాక ఈ పద్ధతి చాలా చోట్ల వెనకబడింది.

రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలో ఖడీన్ అనే ఏర్పాటు ఉంది. 15వ శతాబ్దంలో పాలీవాల్ బ్రాహ్మణులు దీన్ని అభివృద్ధి చేశారని చెబుతారు. రాతి గుట్టల మీద పడిన వాన దిగువ లోయలోకి పారి, అడ్డంగా వేసిన మట్టికట్ట వెనుక నిలుస్తుంది. ఆ నీరు ఇంకిన నేలలో గోధుమ, శనగ వేస్తారు. ఏటా 200 మి.మీ.కు కాస్త అటూఇటూ వాన పడే ఎడారి అంచున గోధుమ పండించడం ఇలా పెద్ద పరివాహక ప్రాంతపు నీటిని చిన్న పొలానికి చేర్చడం వల్లనే సాధ్యమైంది.

ఏటవాలు పొలాల్లో గట్ల ఎంపికను నేల, వాన నిర్ణయిస్తాయి. వాన తక్కువగా ఉండి నీరు బాగా ఇంకే నేలల్లో వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో వేసే కాంటూరు గట్లు పనిచేస్తాయి. లోతైన నల్లరేగడిలో ఇవి తరచు విఫలమవుతాయి. గట్టు ఎగువన నీరు నిలిచి పైరు దెబ్బతింటుంది, వేసవిలో గట్టే నెర్రెలిచ్చి తొలకరికి తెగిపోతుంది. అందుకని అక్కడ మిగులు నీటిని మెల్లగా బయటికి నడిపించే స్వల్ప వాలు గట్లు, గడ్డి పెంచిన పారుడు కాలువలు మేలు. కొండ ప్రాంతంలో లోపలికి ఒరిగిన మెట్ల చేలు, గట్ల అంచున వట్టివేరు వంటి గడ్డి వరుసలు కోతను ఆపుతాయి.

ఉత్తర కర్ణాటకలోని విజయపుర ప్రాంతపు నల్లరేగడుల్లో వానాకాలం ఖాళీగా ఉన్న చేలను చిన్న గట్లతో గళ్లుగా విభజిస్తారు. గళ్లు సుమారు 6 నుంచి 10 మీటర్ల చదరంగా ఉంటాయి. ప్రతి గడిలో పడిన వాన అక్కడే ఇంకుతుంది. విత్తే ముందు గట్లను చెరిపి నేలను చదును చేస్తారు. యాసంగి జొన్న, గోధుమ, శనగ మూడింటికీ ఇది ఉపయోగిస్తుంది. కర్నూలు, నంద్యాల, ప్రకాశం జిల్లాల నల్లరేగడుల్లో శనగ పండేది కూడా వానాకాలంలో నిలవచేసిన తేమతోనే. పైరు వేరైనా తేమను కాపాడే పనులు ఒకటే.

వానాకాలంలోనూ పంట తీయదలచిన లోతైన నల్లనేలలకు వెడల్పు మడి, కాలువ పద్ధతిని పటాన్‌చెరులోని పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ రూపొందించింది. 1972లో నెలకొన్న ఈ సంస్థ సూచన ప్రకారం దాదాపు 100 సెం.మీ. వెడల్పు మడి, దాని పక్కన 50 సెం.మీ. కాలువ ఉండేలా, 0.4 నుంచి 0.8 శాతం వాలుతో పొలాన్ని తీరుస్తారు. మడి మీద నీరు నిలవదు, కాలువలో పారే మిగులు నీటి వేగం మట్టిని కోయదు. మధ్య భారతంలో సోయాచిక్కుడు తర్వాత గోధుమ వేసే చేలకు ఈ పద్ధతిని ప్రవేశపెట్టారు. వానాకాలపు పైరుకు మురుగు పోవడం, యాసంగి పైరుకు తేమ నిలవడం అనే రెండు ప్రయోజనాలు ఒకే ఏర్పాటులో కలిసి ఉండడం దీని ప్రత్యేకత.

దుక్కి, పదును

వేసవి దుక్కి వర్షాధార సాగుకు మొదటి మెట్టు. గోధుమ కోశాక, నేలలో కాస్త చెమ్మ ఉండగానే దున్నితే పెచ్చు విరుగుతుంది, పెళ్లలు ఎండకు ఎండి మొండి కలుపు చస్తుంది, తొలకరి వాన పారిపోకుండా ఇంకుతుంది. బుందేల్‌ఖండ్, సాగర్ ప్రాంతాల్లో ఒకప్పుడు రెల్లు జాతికి చెందిన కాన్స్ గడ్డి విపరీతంగా అల్లుకుని విశాలమైన గోధుమ భూములు బీడుపడ్డాయి. దాని వేళ్లు మామూలు నాగలికి అందవు. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం ట్రాక్టర్లతో లోతుగా దున్నించి ఈ భూములను తిరిగి సాగులోకి తెచ్చింది. 1949లో ప్రపంచ బ్యాంకు భారతదేశానికి ఇచ్చిన తొలి రుణాల్లో ఒకటి ఈ యంత్రాల కొనుగోలు కోసమే.

అయితే ఏటా లోతు దుక్కి అవసరం లేదు. నల్లరేగడి నెర్రెలు విచ్చి తానే కొంత గుల్లబారుతుంది. గట్టి పొర ఉన్నచోట, మొండి కలుపు ఉన్నచోట మూడు నాలుగేళ్లకు ఒకసారి చాలు. వానాకాలంలో ఖాళీగా ఉన్న చేలో వాన వెలిసినప్పుడల్లా గుంటక తోలడం మధ్య భారతంలో పాత అలవాటు. అక్కడ గుంటకను బఖర్ అంటారు. గుంటక మట్టిని తిరగవేయదు. పై పొరను మాత్రం కోసి కలుపును తీస్తుంది, నెర్రెలను పూడుస్తుంది. నెర్రె తెరిచి ఉంటే దాని గోడల నుంచి అడుగు తేమ కూడా ఆవిరవుతుంది. కాబట్టి సెప్టెంబరు చివరలో, అక్టోబరులో నెర్రెలను మూసి ఉంచడం విలువైన పని.

ఉత్తర మైదానాల్లో రుతుపవనాల చివరి వాన తర్వాతి దుక్కి కీలకం. ఎండ తగ్గిన సాయంకాలమో తెల్లవారుజామునో దున్ని, వెంటనే చదును చెక్క తోలి పై మట్టిని సర్దుతారు. చెక్క తోలని దుక్కి ఒక్క రోజు ఎండకే పై పొర తేమను పోగొట్టుకుంటుంది. దున్నిన ప్రతిసారీ కొంత తేమ తప్పనిసరిగా పోతుంది. అందుకని విత్తే ముందు దుక్కులను వీలైనంత తగ్గించాలి.

పై మట్టిని పొడిగా, మెత్తగా చేస్తే అడుగు తేమ పైకి రాదన్న నమ్మకం 20వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలో బలంగా ఉండేది. హార్డీ వెబ్‌స్టర్ కాంప్‌బెల్ దీన్ని విస్తృతంగా ప్రచారం చేశాడు. మహా మైదానాల్లో పదేపదే దున్ని పొడిచేసిన నేల 1930ల కరువులో గాలికి లేచి ధూళి తుఫానులైంది. ఆ అనుభవం నుంచే 1935లో అక్కడ నేల సంరక్షణ విభాగం ఏర్పడింది. పొడి మట్టి పొర మేలు చేసేది కోతకు గురికాని బరువు నేలల్లో, పరిమితంగా చేసినప్పుడే అన్నది నేటి అవగాహన.

కొయ్యకాళ్లు, తక్కువ దుక్కి

పంట కోశాక కొయ్యకాళ్లను నిలబెట్టి ఉంచితే గాలి వేగం తగ్గుతుంది, వాన చినుకు దెబ్బ నేరుగా మట్టికి తగలదు, నేల చల్లగా ఉండి ఆవిరి తగ్గుతుంది. అమెరికాలోని కొలరాడోలో గోధుమ తర్వాత నేలను ఒక ఏడాదికి పైగా ఖాళీగా వదిలే పద్ధతిలో, పొడి దుక్కి ఉన్న కాలంలో పడిన వానలో సుమారు ఐదో వంతు మాత్రమే నేలలో నిలిచేది. దున్నకుండా కొయ్యకాళ్లు ఉంచే పద్ధతి వచ్చాక ఇది రెట్టింపు దాకా పెరిగింది.

అయితే దుక్కి మానడం ఒక్కటే మేలు చేయదు. 610 అధ్యయనాలను కలిపి 2015లో నేచర్ పత్రికలో వెలువడిన విశ్లేషణ ప్రకారం, దుక్కి లేని సాగులో సగటు దిగుబడి మామూలు సాగు కంటే కొంత తగ్గుతుంది. కానీ పొడి వాతావరణపు వర్షాధార భూముల్లో పంట వ్యర్థాలను నేల మీద ఉంచి, పంట మార్పిడిని కూడా పాటించినప్పుడు దిగుబడి పెరుగుతుంది. భారతదేశంలో ఇక్కడే చిక్కు వస్తుంది. వర్షాధార ప్రాంతాల్లో గోధుమ పొట్టు పశువులకు ముఖ్యమైన మేత. దాన్ని నేలకు వదిలితే పశువులకు లోటు పడుతుంది. సోయాచిక్కుడు ఆకులు కోతకు ముందే రాలి త్వరగా కుళ్లిపోతాయి కాబట్టి ఆ పంట తర్వాత నేలను కప్పి ఉంచే వ్యర్థాలు ఎక్కువ మిగలవు. అందుకని ఎత్తుగా కోసి కొంత మొదలు వదలడం, కలుపు మొక్కలను పీకి సాళ్ల మధ్య పరచడం వంటి మధ్యేమార్గాలే ఆచరణలో నిలిచాయి.

విత్తే అదను, లోతు

వర్షాధార గోధుమను నీటి వసతి ఉన్న గోధుమ కంటే ముందుగా విత్తుతారు. మధ్య భారతంలో అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మొదటి వారం వరకు, ఉత్తరాన అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు రెండో వారం వరకు అదను. ఆలస్యమైతే పై పొర ఆరిపోతుంది. మరీ ముందైతే నేల వేడికి మొలక బలహీనపడి పిలకలు తగ్గుతాయి, చెదల బెడద పెరుగుతుంది. పగటి, రాత్రి ఉష్ణోగ్రతల సగటు 20–23 డిగ్రీల సెల్సియస్‌కు దిగడం అనువైన గుర్తు.

విత్తనం తడి మట్టిని తాకాలి. చల్లే పద్ధతి ఇందుకు పనికిరాదు. జడ్డిగం కట్టిన గొర్రుతోనో, నాగలి వెనుక గొట్టంతోనో, ట్రాక్టరు విత్తన గొర్రుతోనో 5–6 సెం.మీ. లోతున, సాళ్ల మధ్య 22 నుంచి 30 సెం.మీ. ఎడంతో వేస్తారు. తేమ ఇంకా కిందికి దిగిపోతే లోతు పెంచవలసి వస్తుంది. అప్పుడు రకం ఎంపిక నేల యాజమాన్యంలో భాగమవుతుంది. హరిత విప్లవం నాటి పొట్టి రకాల్లో కాండాన్ని కురచ చేసే జన్యువులే మొలక తొడుగునూ కురచ చేస్తాయి. ఆ మొలక 7–8 సెం.మీ. లోతు నుంచి పైకి రాలేదు. సి-306, సుజాత వంటి పొడుగు రకాలు వర్షాధార భూముల్లో చాలాకాలం నిలవడానికి ఇది ఒక కారణం. కాండం కురచగా, మొలక తొడుగు పొడవుగా ఉండే రకాల కోసం ఆస్ట్రేలియాలో పరిశోధన సాగుతోంది. విత్తాక మొలక రాకముందే జల్లు పడి పెచ్చు కడితే తేలిక దంతెతో దాన్ని విరగ్గొట్టాలి.

పోషకాలు, సేంద్రియ పదార్థం

వర్షాధార గోధుమకు సాధారణంగా హెక్టారుకు 40–60 కిలోల నత్రజని, 20–30 కిలోల భాస్వరం సిఫార్సు చేస్తారు. పొటాష్ మోతాదును భూసార పరీక్షను బట్టి నిర్ణయిస్తారు. నీటి వసతి ఉన్న పైరుకు నత్రజనిని దఫాలుగా వేయవచ్చు. వర్షాధార పైరుకు పై మట్టి ఎండి ఉంటుంది కాబట్టి తర్వాత చల్లిన యూరియా వేళ్లకు చేరదు. అందుకని మొత్తం మోతాదును విత్తేటప్పుడే విత్తనానికి పక్కగా, 8–10 సెం.మీ. లోతున తడి పొరలో పడేలా వేస్తారు. భాస్వరం నేలలో కదలదు. సున్నం ఎక్కువగా ఉన్న నల్లరేగడిలో త్వరగా బిగుసుకుపోతుంది కూడా. కాబట్టి దానికి లోతు మరింత ముఖ్యం. చలికాలపు వాన పడితే కొద్దిపాటి యూరియాను పైపాటుగా వేయడమో, 2 శాతం ద్రావణాన్ని ఆకుల మీద చల్లడమో చేస్తారు.

నత్రజని ఎక్కువైనా ప్రమాదమే. ఎరువు బలంతో మొదట్లో దట్టంగా పెరిగిన పైరు నేలలోని తేమను పూత నాటికే తాగేస్తుంది. గింజ నిండే వేళకు నీరు చాలక గింజలు తాలుగా, ముడుచుకుని వస్తాయి. పైరు పచ్చగా కనిపించినా దిగుబడి పడిపోతుంది. ఆస్ట్రేలియాలో దీన్ని ప్రత్యేకంగా పరిశోధించారు. విత్తే నాటికి మీటరు లోతు వరకు తేమ ఎంత ఉందో చూసి నత్రజని మోతాదును నిర్ణయించడం దీనికి పరిష్కారం.

సేంద్రియ కర్బనం దేశంలోని మెట్ట నేలల్లో సాధారణంగా 0.5 శాతం కంటే తక్కువ. పశువుల ఎరువు హెక్టారుకు 5–10 టన్నుల చొప్పున తొలకరికి ముందే వేసి కలియదున్నితే విత్తే నాటికి పూర్తిగా చివుకుతుంది. చివకని ఎరువు చెదలను ఆకర్షిస్తుంది. ఎండాకాలంలో చేలో గొర్రెల మంద పెట్టించడం మాల్వాలోనూ, తెలుగు ప్రాంతాల్లోనూ ఉన్న పాత పద్ధతి. జనుము వంటి పచ్చిరొట్టను ఆగస్టులోనే కలియదున్నాలి. ఆలస్యమైతే చివకడానికి తేమ, సమయం రెండూ చాలవు. వాన తక్కువైన ప్రాంతంలో పచ్చిరొట్ట పైరే గోధుమకు దక్కవలసిన నీటిని వాడేస్తుంది కాబట్టి అక్కడ దాన్ని సిఫార్సు చేయరు.

సూక్ష్మ పోషకాల్లో జింకు లోపం విస్తృతం. మొక్కకు అందే జింకును కొలిచే డీటీపీఏ పరీక్షలో అది 0.6 పీపీఎం కంటే తక్కువ ఉంటే హెక్టారుకు 25 కిలోల జింకు సల్ఫేటు వేస్తారు. మాల్వాలో విస్తారంగా పండే గట్టి గోధుమ రకాలు ఈ లోపాన్ని తట్టుకోలేవు. టర్కీలోని మధ్య అనతోలియాలో 1990లలో జరిగిన పరిశోధనలు జింకు లోపమే అక్కడి దిగుబడులను కుంగదీస్తోందని నిర్ధారించాయి. ఆ తర్వాత అక్కడ జింకు కలిపిన ఎరువుల వాడకం బాగా పెరిగింది. 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైన భూసార ఆరోగ్య పత్రాల పథకం ఇలాంటి లోపాలను పొలం స్థాయిలో తెలుసుకునే వీలు కల్పించింది.

పంటల క్రమం, ఖాళీ నేల

నేలను ఒక కాలం ఖాళీగా వదలడం తేమ కోసం, నత్రజని పోగుపడటం కోసం చేసే పని. సేంద్రియ పదార్థం చివికి విడుదలైన నైట్రేటును వాడుకునే పైరు లేకపోవడంతో అది గోధుమకు మిగులుతుంది. కానీ వాన ఎక్కువగా పడే చోట ఖాళీ నేల కోతకు గురవుతుంది, నైట్రేటు నీటితో పాటు కిందికి దిగిపోతుంది. అందుకని 750–800 మి.మీ. పైబడిన వాన, లోతైన నేల ఉన్నచోట వానాకాలంలో తక్కువ కాలపు పంట తీయడం మేలు. 1970ల తర్వాత మాల్వాలో సోయాచిక్కుడు విస్తరణ ఈ మార్పునే తెచ్చింది. సోయాచిక్కుడు ఆలస్యమైతే మాత్రం గోధుమకు విత్తే అదను, పై పొర తేమ రెండూ తప్పిపోతాయి.

పప్పుధాన్యాల తర్వాత గోధుమ వేస్తే నత్రజని అవసరం తగ్గుతుంది, వేరుకుళ్లు తెగుళ్లు అదుపులో ఉంటాయి. గోధుమ, శనగ సాళ్లను కలిపి వేయడం వర్షాధార ప్రాంతాల్లో సర్వసాధారణం. తేమ సరిపోని ఏడాది గోధుమ దెబ్బతిన్నా శనగ చేతికి వస్తుంది. టర్కీ 1980లలో ఖాళీగా వదిలే భూములను తగ్గించి మసూర్, శనగ వేయించే జాతీయ కార్యక్రమం నడిపింది. దక్షిణ ఆస్ట్రేలియాలో గోధుమ ఏళ్ల మధ్య క్లోవర్, మెడిక్ వంటి పప్పుజాతి పచ్చిక పెంచి గొర్రెలను మేపే పద్ధతి, సూపర్ ఫాస్ఫేటు తోడుగా, నిస్సారమైన నేలలను బాగుచేసింది.

సమస్యాత్మక నేలలు

విదర్భలో అకోలా, అమరావతి, బుల్ఢాణా జిల్లాల మీదుగా సాగే పూర్ణా లోయలో నల్లరేగడి అడుగు పొరల్లో సోడియం పేరుకుని నీరు ఇంకదు. పైకి చౌడులా తెల్లగా కనిపించకపోయినా వేరు లోతుకు పోలేదు. జిప్సం వేయడం, మురుగు కాలువలు తీయడం, సేంద్రియ ఎరువు వాడటం ఇక్కడి పనులు. హిమాలయ పాదకొండల్లోని ఆమ్ల నేలల్లో విత్తే సాళ్లలో హెక్టారుకు 2–4 క్వింటాళ్ల సున్నం వేస్తే భాస్వరం అందుబాటు మెరుగవుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో అడుగు పొరల ఆమ్లత్వం వల్ల కరిగిన అల్యూమినియం వేళ్లను కురచ చేస్తుంది. సున్నాన్ని లోతుకు చేర్చడం అక్కడ పెద్ద పని. బరువైన యంత్రాల తొక్కిడికి గట్టిపడిన నేలకు మందు, యంత్రం ప్రతిసారీ ఒకే చక్రాల బాటలో నడిచేలా చూడటం. ఆస్ట్రేలియాలో ఉపగ్రహ మార్గదర్శనంతో ఈ పద్ధతి వ్యాపించింది.

పరిశోధన చరిత్ర

భారతదేశపు గోధుమపై క్రమబద్ధమైన అధ్యయనం బీహార్‌లోని పూసాలో ఆల్బర్ట్ హోవర్డ్, గాబ్రియెల్ హోవర్డ్ దంపతులతో బలపడింది. 1909లో వెలువడిన వారి గోధుమ గ్రంథం నేల, తేమ, రకం మధ్య సంబంధాన్ని వివరించింది. 1924 నుంచి ఇండోర్‌లో పనిచేసిన కాలంలో ఆల్బర్ట్ హోవర్డ్, చేలోని వ్యర్థాలను, పేడను పొరలుగా పేర్చి కుళ్లబెట్టే ఇండోర్ కంపోస్టు పద్ధతిని రూపొందించాడు. 1930లలో షోలాపూర్, బీజాపూర్ (నేటి విజయపుర), హగరి, రాయచూరు, రోహ్‌తక్‌లలో మెట్టసాగు కేంద్రాలు వెలిశాయి. గట్లు, వేసవి దుక్కి, పలచగా విత్తడం, అంతరకృషి అనే మెట్టసాగు పద్ధతుల కూర్పు వాటి నుంచే వచ్చింది. 1970లో అఖిల భారత మెట్టసాగు పరిశోధన పథకం మొదలైంది. 1985లో హైదరాబాద్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ ఏర్పడింది. గోధుమ రకాలు, సాగు పద్ధతులపై కర్నాల్‌లోని భారత గోధుమ, బార్లీ పరిశోధనా సంస్థ, ఇండోర్‌లోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ప్రాంతీయ కేంద్రం, జబల్‌పుర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పనిచేస్తున్నాయి.

పరిమితులు

నేల యాజమాన్యం ఎంత బాగున్నా వానాకాలం విఫలమైన ఏడాది నేల నిండదు. ఫిబ్రవరి, మార్చిలో వేడిగాలులు ముందే వీస్తే నేలలో తేమ ఉన్నా గింజ నిండే కాలం కుదించుకుపోతుంది. గట్లు, పారుడు కాలువలు ఒక్క పొలానికి పరిమితమైతే నిలవవు. ఎగువ, దిగువ రైతులు కలిసి పరివాహక ప్రాంతమంతటా చేసినప్పుడే అవి పనిచేస్తాయి. పారుడు నీటిని పట్టే కుంట ఒకటి ఉంటే కిరీటపు వేళ్ల దశలో ఒక తడి ఇవ్వవచ్చు. వర్షాధార పైరుకు ఆ ఒక్క తడే దిగుబడిని గణనీయంగా పెంచుతుంది. లోతు తక్కువైన నేలల్లో గోధుమ బదులు కుసుమ, శనగ, యాసంగి జొన్న వంటి బెట్టను తట్టుకునే పైర్లను ఎంచుకోవడం మేలు. నేల పట్టగలిగిన తేమకు తగిన పైరును నిర్ణయించుకోవడం కూడా నేల యాజమాన్యంలో భాగమే.